ఫిరంగి తోక పట్టేవాడు

కిందటి వారం మనం అమెరోల్‌ని కొలిమి ముందు, చేతులకి చింతపండు గుజ్జుతో, కూలబడ్డ చోటే వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నాడు. ఎందుకు కూలబడ్డాడో ఒక్కసారి అనుకుందాం. పద్నాలుగు నెలల కిందట లానావ్ సరస్సు దక్షిణపు ఒడ్డున, సంత రేవులో ఒక హత్య జరిగింది. పోయినవాడు తొమావిస్, పాత సామాన్ల వ్యాపారి. చంపినవాడు మకారంపత్. పడవ కట్టే చోటు దగ్గర మాటా మాటా పెరిగిందని అందరూ చెప్పుకున్నారు. ఏడాదిపాటు రెండు వంశాల మగవాళ్ళూ తుపాకులు పక్కలో పెట్టుకుని పడుకున్నాక, దాతు ఉసోదన్ అనే పెద్దమనిషి మధ్యలో పడి రాజీ కుదిర్చాడు. నెత్తుటికి బదులు మకారంపత్ వంశం తమ ఇంట్లో ఉన్న మూడడుగుల పాత కంచు ఫిరంగిని తొమావిస్ వంశానికి ఇవ్వాలి. ఇచ్చారు. శుక్రవారం నమాజు అయ్యాక దాన్ని అందరి ముందూ పేల్చాలి. ఇచ్చినవాడు వెనక నిలబడి ఫిరంగి తోక పట్టుకుంటాడు, పుచ్చుకున్నవాళ్ళు పక్కన నిలబడి నిప్పు పెడతారు. ఒకే ఫిరంగి మీద రెండు చేతులూ పడి, గుండు వెళ్ళి సరస్సులో పడితే పగ తీరినట్టు. దానికి ముందు తుగాయా ఊరి కంచరి ఒకడు ఫిరంగిని బాగుచేసి, ఇది నిలుస్తుంది అని పెద్దల ముందు మాట ఇవ్వాలి.

ఆ కంచరి మన అమెరోల్. మంగళవారం పొద్దున చిలుము వదిలిస్తూ తోక దగ్గరికి వచ్చేసరికి, కంచులో మూడు నల్లటి మచ్చలు బయటపడ్డాయి. పోత పోసేటప్పుడు లోపలి మట్టి కదలకుండా గుచ్చే మేకుల గుర్తులవి. ఊళ్ళో అందరూ నాలుగు మేకులు గుచ్చుతారు. మూడు గుచ్చేది అమెరోల్ ఒక్కడే. మూడొందల ఏళ్ళ నాటిదని రెండు వంశాలూ నెత్తిన పెట్టుకుంటున్న ఆ ఫిరంగి, అతను పదమూడేళ్ళ కిందట గోడకి ఆనించి చూసుకోవడానికి చేసిన బొమ్మ. రెండు వైపులా తెరిచిన గొట్టం. వెనక తోకని విడిగా పోసి, గుగ్గిలం పెట్టి అతికించాడు. దాంట్లో మందు కూరి నిప్పు పెడితే గుండు ముందుకు పోదు. తోకే వెనక్కి వస్తుంది, పట్టుకున్నవాడి రొమ్ములోకి.

ఇప్పుడు అదే మంగళవారం. ఒక గంట గడిచింది, అంతే.

వాన సన్నగా పడుతోంది. సరస్సు అవతలి ఒడ్డు ఎప్పుడో మంచులో మునిగిపోయింది. పాకలో వెలుతురు చాలక అమెరోల్ ఆ మచ్చల్ని కళ్ళతో కాదు, వేలితో చూస్తున్నాడు. ఎన్నిసార్లు తడిమినా మూడే.

"ఏమయ్యా, ఆ ఫిరంగికి లాలి పాడుతున్నావా ఏంటి?" అంటూ అతని భార్య ఇనాయా కాఫీ తెచ్చింది. "పొద్దుట్నుంచీ ఒళ్ళో పెట్టుకు కూర్చున్నావ్. నన్ను పెళ్ళాడిన కొత్తల్లో కూడా ఇంత ముద్దు చేయలేదు నువ్వు."

"అక్కడ పెట్టు," అన్నాడు.

"పెడతాలే. మొహం చూడు, మూస పగిలి కంచంతా మట్టిపాలైనవాడిలా. ఏమైంది?"

"ఏం కాలేదు. వాన."

వాన కొత్తా అన్నట్టు చూసి ఆవిడ వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడకి చెప్పని సంగతులు అమెరోల్‌కి రెండో మూడో ఉన్నాయి. అన్నీ ఈ పాకలోనే జరిగినవి.

పాక దూలాలకి ఏడు ఫిరంగులు వేలాడుతున్నాయి. అవి మాత్రం నిజంగా పాతవి. తుక్కు కొనేవాళ్ళ బండ్ల మీంచి, కరగబెట్టబోతున్న కొలుముల ముందు నుంచి అమెరోల్ ఒక్కొక్కటే ఏరి తెచ్చుకున్నాడు. నిప్పు అంటించే రంజకపు కన్నాలు పూడిపోతే తొలిచి, బీటలున్న చోట కొత్త కంచు పోసి, పండగ రోజున ఏడింటినీ ఒడ్డున వరసగా నిలబెట్టి పేలుస్తాడు. ఆ మోతకి అతని ఎడమ చెవి సగం పోయింది. అయితేనేం, పండగ వచ్చిందని చుట్టుపక్కల పది ఊళ్ళకి తెలిసేది అమెరోల్ ఫిరంగుల వల్లే. దాతు ఏరికోరి ఇతని మాటే కావాలన్నది కూడా ఆ ఏడింటిని చూసే.

ఏం చెయ్యాలి? నిజం చెబితే రాజీ చెడిపోతుంది. 'మా మనిషి ప్రాణానికి బొమ్మ ఇస్తారా' అని తొమావిస్ తమ్ముళ్ళు ఆ పూటకే పడవలెక్కుతారు. చెప్పకపోతే శుక్రవారం మధ్యాహ్నం ఒక మనిషి చచ్చిపోతాడు. ఎటు తిరిగినా చావే కనిపిస్తోంది.

రేవులో పడవ ఆగిన చప్పుడైంది. కుడి చెవితో విన్నాడు. తలెత్తేసరికి గొడుగు ముడుస్తూ పాక గుమ్మంలో సొరైదా నిలబడి ఉంది. తొమావిస్ భార్య. ఇంకా ముప్పై అయిదు నిండలేదు. నడుముకి చుట్టుకున్న నల్లటి మలొంగ్ గుడ్డ చీలమండల దాకా తడిసి కాళ్ళకి అంటుకుపోయింది. వెంట ఎవరూ లేరు.

"ఒక్కదానివే వచ్చావేంటమ్మా?"

"ఫిరంగికి నిప్పు పెట్టేది కూడా ఒక్కదాన్నే కదా బాబాయ్." ఆమె వచ్చి బల్ల చివర కూర్చుంది. "పని ఎంతవరకు వచ్చింది?"

"నడుస్తోంది."

"ఎక్కడిదాకా తోమారు?" అని తనే వంగి చూసింది. చింతపండు పట్టించిన మేర కంచు ఎర్రగా మెరుస్తోంది. ఆ మెరుపు తోక అతుకు దాకా వచ్చి ఆగింది. సొరైదా ఆ అతుకు వైపే కాసేపు చూసింది. "ఇక చాలు. పైపైన మెరుగు పెట్టేయండి. లోపల ఏమీ ముట్టుకోవద్దు."

"లోపల చూడకుండా మాట ఎలా ఇస్తానమ్మా?"

"ఇచ్చేయండి ఎలాగో. ఇవ్వాల్సింది ఒక్క మాటే కదా."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే సర్దిచెప్పవచ్చు.

"నేను వ్యాపారి పెళ్ళాన్ని," అంది సొరైదా. "పాత ఫిరంగి బేరానికొస్తే అందరూ మూతిలోంచి నీళ్ళు పోసి, ఎక్కడైనా కారుతుందేమో చూస్తారు. చన్నీళ్ళు. మా ఆయన మాత్రం వేణ్ణీళ్ళు పోసేవాడు. గుగ్గిలం చన్నీళ్ళకి నోరు మూసుకుంటుంది, వేణ్ణీళ్ళకే ఏడుస్తుంది అనేవాడు. ఇది మా ఇంటికొచ్చిన రోజు, బంధువులంతా భోజనాలకి కూర్చున్నాక, కాఫీకి కాచిన నీళ్ళు పెరట్లోకి పట్టుకెళ్ళి దీంట్లో పోశాను."

"ఏడ్చిందా?"

"ఏడ్చింది బాబాయ్. వెక్కి వెక్కి ఏడ్చింది."

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికి చెప్పను? మా మరుదులకా? కంచాల ముందునుంచే లేచి పోయేవాళ్ళు. ఇంకో నలుగురు చచ్చేవాళ్ళు. మా మరుదుల్లో ఇద్దరికి నిరుడే పెళ్ళయింది." ఆమె తడిసిన అంచు పిండుకుంది. "అందరూ ఎందుకు చావాలి? తోక పట్టేవాడు ఒక్కడు చాలు. ఎవరు పడుతున్నారు తోక?"

జవాబు కూడా తనే చెప్పింది.

"మకారంపత్. స్వయంగా. దాతు గారు చెప్పారు. వాడు వెనకాల నిలబడతాడు, నేను నిప్పు పెడతాను. ఇక ఆ తర్వాత దేవుడి ఇష్టం. పాత ఫిరంగి, పాపం, పగిలిపోయింది అంటారు. ఎవరూ ఎవర్నీ అనడానికి ఉండదు."

"నువ్వు జానెడు దూరంలో ఉంటావు సొరైదా. నీకేం కాదని ఎవరు చెప్పారు?"

"అవుతుందని మాత్రం ఎవరు చెప్పారు?" ఆమె గొంతు మొదటిసారి పైకి లేచింది. "నా మొగుణ్ణి పట్టపగలు రేవులో కాల్చేశాడు. వాళ్ళ పెద్దలూ మా పెద్దలూ కూర్చుని, చుట్టలు కాల్చుకుంటూ, నా మొగుడి ప్రాణానికి గుగ్గిలం పూసిన గొట్టం సరిపోతుందని తేల్చారు. తెలిసే ఇచ్చారు బాబాయ్! చంపింది చాలక మొహాన ఉమ్మేశారు. రాజీకి నువ్వు ఒప్పుకుంటావా అని నన్నొక్కళ్ళు అడగలేదు. ఇప్పుడు నేనూ ఎవర్నీ అడగను."

అమెరోల్ మనసంతా వికలమైపోయింది. ఊరుకుంటే ఏమవుతుంది? ఆమె కోరింది జరుగుతుంది. అతని గుట్టు దాగుతుంది. ఆ ఏడు ఫిరంగులూ, వాటి వల్ల వచ్చిన పేరూ ఎక్కడివక్కడే ఉంటాయి. కానీ ఆ పిల్ల, వాళ్ళు చెయ్యని తప్పుకి ఒక మనిషిని చంపబోతోంది. 'తెలిసే ఇచ్చారు' అన్న ఒక్క మాట పట్టుకుని చంపబోతోంది. ఆ మాట అబద్ధమని లోకంలో తెలిసింది తనకే.

"వాళ్ళు తెలిసి ఇవ్వలేదమ్మా," అన్నాడు.

"మీకెలా తెలుసు?"

"తెలిసేలా నేను చెయ్యలేదు కనక."

ఆమెకి అర్థం కాలేదు. అమెరోల్ ఆమె వేలు పట్టుకుని ఆ మూడు మచ్చల మీద పెట్టాడు. ఆడపిల్ల చెయ్యి పట్టుకోవడం మర్యాద కాదని కూడా ఆ క్షణాన తోచలేదు.

"ఇవి నావి. ఈ ఊళ్ళో మూడు మేకులతో పోత పోసేది నేనొక్కణ్ణే. మైనం నేను మలిచాను, కంచు నేను పోశాను, చిలుము కూడా నేనే పట్టించాను. రెండు వానాకాలాలు సరస్సు బురదలో పాతిపెట్టి తీశాను. ఎవరూ కనుక్కోలేనంత బాగా చేశాను. అంత బాగా చెయ్యకపోయినా బాగుండేది."

సొరైదా వేలు వెనక్కి తీసుకుంది. ఓ క్షణం నవ్వొచ్చినట్టుంది ఆమెకి. "మీరా! పదూళ్ళకి ఒకే ఒక్క నిజాయితీ కంచరి అని దాతు గారు మీ దగ్గరికి పంపారు."

"అనమ్మా. ఎంతైనా అను."

"ఎవరికి అమ్మారు?"

ఇదిగో, ఇక్కడ అమెరోల్ నాలిక చివర ఒక అబద్ధం సిద్ధంగా ఉంది. ఎవరో పట్నం వ్యాపారి, ఎప్పుడో పోయాడు అని. పదకొండేళ్ళుగా తనకి తాను చెప్పుకుంటున్న అబద్ధమే. అది చెప్పేసి ఉంటే మన కథ ఇంకోలా పోయేది. ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పలేకపోయాడు.

"తొమావిస్‌కి," అన్నాడు.

సొరైదా అరవలేదు. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది.

"అబద్ధం."

"నువ్వు కూర్చున్న చోటే కూర్చుని బేరమాడాడు. గుగ్గిలం తనే తెచ్చాడు. మేలురకం, అడవి గుగ్గిలం. బురదలో పాతమన్నదీ తనే. తీశాక చూసి, 'బాబాయ్, మీ వయసు అరవై కావచ్చు, మీ చేతుల వయసు మాత్రం మూడొందలు' అన్నాడు. పొంగిపోయాను. సిగ్గులేక పొంగిపోయానమ్మా."

ఆ మాటతో ఆమె నమ్మింది. అలాంటి మాటలు తొమావిస్ తప్ప ఇంకెవరూ అనరు. ఆమెని పెళ్ళికి ఒప్పించింది కూడా అలాంటి మాటలతోనే.

"ఏ ఏడు?" అంది.

"వరదకి సంత రేవు కొట్టుకుపోయింది చూడు, ఆ ఏడు తీసుకెళ్ళాడు."

సొరైదా తన ముంజేతుల వైపు చూసుకుంది. ఒక్కో చేతికి మూడేసి బంగారు గాజులు. "ఆ ఏడు ఒక రోజు ఏదో చాపలో చుట్టి పడవలో పెట్టుకుని దక్షిణం వైపు వెళ్ళాడు. ఏంటది అంటే, చాప అన్నాడు. చాపలో చాప ఎవరు చుడతారు అని నవ్వాను. మర్నాడు వస్తూ ఇవి తెచ్చాడు." ఆమె గాజులు తియ్యబోయింది. తడి చేతులకి రాలేదు. లాగి లాగి వదిలేసింది. "మకారంపత్ వాళ్ళది దక్షిణపు ఒడ్డే."

"ఆఁ."

"మరి వాళ్ళు తాతలనాటిదని చెప్పుకున్నారే?"

"కొన్నామని ఎవరు చెప్పుకుంటారమ్మా? తాతలనాటిది అనుకుంటేనే దానికి విలువ. కొన్నదే సిగ్గు. కొన్నది నకిలీ అని తెలిస్తే ఇంక తల ఎక్కడ పెట్టుకుంటారు?"

అలా అంటూ ఉండగానే ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. సొరైదా మెల్లిగా లేచి నిలబడింది.

"పడవ కట్టే చోటు కోసం కాదన్నమాట," అంది.

అమెరోల్ ఫిరంగి మీంచి చెయ్యి తీసేశాడు.

"పద్నాలుగు నెలలుగా అనుకుంటున్నాను, మూరెడు చోటు కోసం మనిషిని చంపుతారా అని. రాత్రుళ్ళు ఆ చోటు కొలుస్తూ ఉంటాను మనసులో." ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. ఎప్పుడో అయిపోయి ఉంటాయి. "మోసం చేశావని పదిమందిలో అడగలేడు. అడిగితే వాడి పరువే పోతుంది. చెప్పుకోలేక చంపాడు. నా మొగుడు కూడా చెప్పలేడు. ఇద్దరూ కలిసి రేవులో పడవ గురించి అరుచుకున్నారు. ఎంత మగాళ్ళయ్యా మీరంతా!"

ఆ 'మీరంతా'లో తనూ ఉన్నాడని అమెరోల్‌కి తెలుసు. తల వంచుకున్నాడు.

ఆమె గుమ్మంలోకి వెళ్ళి వాన వైపు తిరిగి నిలబడింది. తర్వాత వెనక్కి తిరక్కుండానే, "చెప్పేయండి బాబాయ్," అంది. "దాతు గారికి నిజం చెప్పేయండి. ఒక్కరికే, చెవిలో. ఏం చెయ్యాలో ఆయనే చూస్తారు. మా ఆయన పేరు పోతే పోనీ. నాకిద్దరు ఆడపిల్లలు. రేపు వాళ్ళ చేతులకి గాజులు వేసేటప్పుడు, ఇవి ఎక్కడివి అంటే చాప అని చెప్పలేను."

"నా పేరూ పోతుంది," అన్నాడు అమెరోల్. అనేశాక అతనికి ఆశ్చర్యం వేసింది. ఆ మాట బరువుగా లేదు. పదకొండేళ్ళకి మొదటిసారి ఊపిరి లోపలిదాకా వెళ్ళింది.

అంతలో రేవు వైపునుంచి ఇనాయా కేక వినిపించింది. "ఏమయ్యోయ్! దాతు గారొస్తున్నారు! ఇంట్లో చూస్తే దొడొల్ మిఠాయి ముక్క ఒక్కటైనా లేదు!"

పెద్ద ఇంజను పడవ. ముందు దాతు ఉసోదన్ దిగాడు, బొజ్జ ముందూ తను వెనకా. ఆయన వెనక మకారంపత్ దాయాదులు నలుగురు, భుజాన తుపాకులతో. ఆఖరున మకారంపత్. నలభై ఏళ్ళవాడు, తెల్లచొక్కా, గెడ్డం నున్నగా గీసుకున్నాడు. సొరైదాని చూసి దాతు ఠక్కున ఆగిపోయాడు. శుక్రవారం దాకా ఆ ఇద్దరూ ఎదురుపడకూడదని ఆయనే కట్టడి చేశాడు.

"అయ్యో, నువ్విక్కడ ఉంటావని నాకేం తెలుసమ్మా! తోక పట్టేవాడు ఒకసారి పట్టు చూసుకుంటానంటే తీసుకొచ్చాను. సరే, వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చారు. మాటల్లేవు, చూపుల్లేవు. రెండు నిమిషాల్లో పోతాం."

కానీ మకారంపత్ అప్పటికే ఆమె ముందుకి వచ్చేశాడు. తొమావిస్ ఉన్న రోజుల్లో బేరాల కోసం వచ్చి, ఆమె చేతి వంట తిని వెళ్ళినవాడే. నేల చూపులు చూస్తూ, పాత అలవాటు కొద్దీ నోటికొచ్చిన మాట అనేశాడు.

"బాగున్నారా, వదినా?"

పాపం, వాడికి ఇంకే మాటా దొరకలేదు. అది అమెరోల్‌కి తెలుస్తూనే ఉంది. కానీ ఆ మాట విన్నాక అతను సొరైదా మొహం చూశాడు. ఇందాక గుమ్మంలో నిలబడి చెప్పేయమన్న మనిషి ఆ మొహంలో లేదు. ఆమె పక్కకి తిరిగింది. వెళ్ళి మూలన నిలబడింది.

దాతు చూరు కింద పీట వేయించుకున్నాడు. ఇనాయా కాఫీ పోస్తూ, "మీ బొజ్జకి ఈ పీట నిలుస్తుందా దాతూ, మా ఆయన చేత మాట ఇప్పించమంటారా?" అంది. ఆయన పకపకా నవ్వాడు. దాయాదులూ నవ్వారు. పాకలో మాత్రం ఎవరూ నవ్వలేదు.

మకారంపత్ ఫిరంగి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, తోక మీద చెయ్యి వేసి, పట్టు చూస్తున్నట్టు అటూ ఇటూ కదిపాడు. అమెరోల్ పక్కన వంగాడు.

"బాబాయ్," అన్నాడు మకారంపత్, పెదవులు కదపకుండా. "మీరు చూసే ఉంటారు. వెనక తోక అతుకు సంగతి."

అమెరోల్ కుడి చెవి దగ్గరికి జరిపాడు, సరిగ్గా విన్నానా అని.

"తమ్ముడి పెళ్ళికని దీన్ని ఎండలో వాకిట్లో పెట్టాను. మధ్యాహ్నానికి గుగ్గిలం కారింది. ఇంకెవరూ చూడలేదు. వేలితో తుడిచేసి చాప కప్పాను. సంతలో తొమావిస్‌ని పక్కకి పిలిచి అడిగాను. నవ్వాడు. తాతలనాటిదని నువ్వే ఊరంతా చెప్పుకున్నావు, ఇప్పుడు ఎవరితో చెప్పుకుంటావు అని రేవుదాకా నవ్వుతూనే ఉన్నాడు." అతని వేళ్ళు తోక చుట్టూ బిగుసుకున్నాయి. "రాజీకి మా పెద్దలు ఇంట్లో ఉన్నవాటిలో ఇదే గొప్పదని ఇచ్చారు. వద్దని ఎలా అనను? ఎందుకు వద్దో చెప్పాలిగా."

"మరి తోక నువ్వు..."

"మా పెదనాన్నని పట్టమన్నారు. నేనే పడతానన్నాను. తెలిసే అడిగాను బాబాయ్. ఆ అతుకు ముట్టుకోకండి. ఎలా ఉందో అలాగే ఉంచేయండి." ఒక్కక్షణం ఆగాడు. "ఆవిడకి మాత్రం వత్తి పొడుగ్గా కట్టివ్వండి. ఇంత దూరం నుంచి అంటించేలా."

చంపాలనుకుంటున్న మనిషీ, చావాలనుకుంటున్న మనిషీ అమెరోల్‌ని కోరింది ఒక్కటే. ఆ సంగతి వాళ్ళిద్దరికీ తెలీదు. మూడడుగుల దూరంలో ఉన్నారు ఇద్దరూ.

"ఏం అమెరోల్!" దాతు లేచి వచ్చాడు. "పది పడవల జనం శుక్రవారం కోసం చూస్తున్నారు. ఇప్పుడే తేల్చి చెప్పు, ఇటు నుంచే కబురు పెట్టేస్తాను. నిలుస్తుందా?"

"దాతూ, మీతో ఒక మాట, ఒంటరిగా..."

"నిలుస్తుందని బాబాయ్ ఇందాకే నాతో చెప్పారు," అంది సొరైదా మూలనుంచి.

అమెరోల్ గిరుక్కున తిరిగి చూశాడు. ఆమె అతన్ని చూడటం లేదు. మకారంపత్ మెడ వెనక భాగాన్ని చూస్తోంది.

"అంతేనా?" అన్నాడు దాతు. దాయాదులు నలుగురూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఇప్పుడు కాదంటే, ఎందుకు కాదో వాళ్ళ ముందే చెప్పాలి. తొమావిస్ తమని మోసం చేశాడని ఆ నలుగురూ వింటారు. ఒంటరిగా వచ్చిన అతని భార్య ఇక్కడే ఉంది. తుపాకులూ ఇక్కడే ఉన్నాయి.

"నిలుస్తుంది," అన్నాడు అమెరోల్.

దాతు అతని భుజం తట్టాడు. మకారంపత్ కళ్ళు మూసుకుని తెరిచాడు. ఎవరో పెద్ద మేలు చేసినట్టుంది వాడి మొహం.

మాట నోటినుంచి జారిన మరుక్షణమే అమెరోల్ బుర్ర పరుగెత్తడం మొదలెట్టింది. ఆ మాటని నిజం చెయ్యాలి, అంతే. ఇంకో దారి లేదు. ఇవాళ తోక ఊడదీసి, గుగ్గిలమంతా కాల్చి, గొట్టం వెనక కొత్త అచ్చు కట్టాలి. రేపు కంచు పొయ్యాలి. పాత కంచుకీ కొత్త కంచుకీ అతుకు పడాలంటే గొట్టాన్ని కూడా ఎర్రగా కాల్చాలి, ఏమాత్రం తేడా వచ్చినా బీట వేస్తుంది. ఎల్లుండి చల్లారాలి. శుక్రవారం తెల్లారేసరికి మళ్ళీ మెరుగు. ఇద్దరికీ తెలియకుండా ఇద్దర్నీ బతికించాలి. మూడు రోజులు. కష్టమే, కానీ అతని చేతులకి అసాధ్యం కాదు.

ఇంజను పడవ వెళ్ళిపోయింది. చప్పుడు మంచులో కలిసిపోయేదాకా సొరైదా రేవులో నిలబడి, తిరిగి పాకలోకి వచ్చింది. తన పడవవాణ్ణి పంపేసింది.

"నువ్వు వెళ్ళలేదా అమ్మా?"

"శుక్రవారం దాకా ఇక్కడే ఉంటాను. పిన్నిని అడిగాను. ఒంటరి ఆడదానివి, ఎన్నాళ్ళైనా ఉండమ్మా అన్నారు." ఆమె దండెం మీంచి చాప తీసి ఫిరంగి పక్కన పరిచింది. తోక తన తల వైపు వచ్చేలా చూసుకుని కూర్చుంది. తర్వాత చెయ్యి చాచి కొలిమి వైపు చూపించింది.

"అది ఆర్పేయండి బాబాయ్. మెరుగు పెట్టడానికి నిప్పెందుకు?"